బైపాస్ అయింది, మళ్ళీ కొండ ఎక్కొచ్చా?

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. ఉండేది గుంటూరులో. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. పన్నెండేళ్ళుగా షుగర్ ఉంది. ఆషాఢంలో ఛాతీ బరువుగా అనిపించి ఆస్పత్రికి వెళ్తే, మూడు బ్లాకులున్నాయని బైపాస్ చేశారు. ఇప్పటికి మూడున్నర నెలలైంది. అంతకు ముందు రోజూ పొద్దున్నే ఎన్టీఆర్ స్టేడియంలో నడిచేవాణ్ణి. నెలకోసారి నలుగురు స్నేహితులం కలిసి మంగళగిరి మెట్లెక్కి పానకాలస్వామి దర్శనం చేసుకొచ్చేవాళ్ళం. ఏటా ఒక కార్తీక సోమవారం ఉపవాసం ఉండి కోటప్పకొండకు మెట్ల దారిన వెళ్ళడం అలవాటు. ఇప్పుడేమో వరండాలో అటూ ఇటూ నడుస్తున్నాను. మేడ మెట్లు ఎక్కితే గుండె దడదడలాడుతుంది. అది జబ్బో భయమో అర్థం కావట్లేదు. ఛాతీ ఎడమ పక్క మొద్దుబారినట్టు ఉంటుంది. నరం తీసిన కాలు సాయంత్రానికి వాస్తుంది. మా ఆవిడ గేటు దాటనివ్వదు. కొండ మాట ఎత్తితే మా అబ్బాయి ఇంతెత్తున లేస్తాడు. స్నేహితులేమో ‘రిపేరు చేయించుకున్నావుగా, ఈ కార్తీకానికి వచ్చెయ్’ అంటున్నారు. నేను మళ్ళీ కొండ ఎక్కగలనా? లేక నా బతుకు ఇక వరండాలోనేనా?

– పేరు రాయొద్దన్న పాఠకుడు, గుంటూరు

జవాబు:

బాబాయిగారూ, మీరు మా నాన్న ఈడువారు కాబట్టి ఇలా పిలుస్తున్నాను, ఏమీ అనుకోకండి. మీ ఉత్తరం ఆఖరి వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆరేళ్ళ కిందట మా నాన్న కూడా దాదాపు ఇదే మాట అన్నారు. ఆయనకీ బైపాస్ అయింది. నేను ఫిజియోథెరపిస్టుని. విజయవాడలో గుండె ఆపరేషన్లు అయినవాళ్ళని మళ్ళీ నడిపించడమే నా పని. అయినా సొంత మనిషి దగ్గరికి వచ్చేసరికి నేనూ మీ అబ్బాయిలాగే చేశాను. ఆ సంగతి కాసేపాగి చెబుతాను.

ముందు మీ ప్రశ్నకు జవాబు. మీరు మళ్ళీ కొండ ఎక్కే అవకాశం బాగానే ఉంది. మనిషి తన పనులు తాను చేసుకుంటూ, తిరిగే చోట్లకి తిరుగుతూ బతకాలనే కదా బైపాస్ చేసేది. కానీ ఈ కార్తీకంలో మెట్ల దారి వద్దు. స్నేహితులతో కోటప్పకొండకు వెళ్ళండి, ఘాట్ రోడ్డు మీదుగా కారులో పైకి వెళ్ళి దర్శనం చేసుకోండి, వాళ్ళతో కలిసి భోంచేసి రండి. మెట్ల సంగతి సంక్రాంతి వెళ్ళాక చూద్దాం. అప్పటిదాకా ఏం చేయాలో రాస్తాను. అయితే మిమ్మల్ని కళ్ళతో చూడకుండా రాస్తున్నాను కాబట్టి, మీ గుండె డాక్టరుగారు దీనికి భిన్నంగా ఏం చెప్పినా ఆయన మాటే వినండి.

ఒంట్లో మీరు గమనించిన వాటి గురించి ముందు చెప్పుకుందాం. ఎడమ పక్క మొద్దుబారడం బైపాస్ అయినవాళ్ళలో చాలామందికి ఉంటుంది. ఛాతీ గోడ లోపలి వైపు ఉండే ఒక రక్తనాళాన్ని మళ్ళించి గుండెకు కలుపుతారు. దాన్ని విడదీసేటప్పుడు అక్కడి సన్నటి నరాలు దెబ్బతింటాయి. అందుకే ఆ చోట మొద్దుగా ఉంటుంది, ఒక్కోసారి చీమలు పాకినట్టు ఉంటుంది, చొక్కా గుండీ తగిలినా చురుక్కుమంటుంది. ఇది తగ్గడానికి నెలలు పడుతుంది. కాలు సంగతీ ఇంచుమించు ఇంతే. రక్తనాళం తీసిన కాల్లో మిగతా నాళాలు ఆ పనికి అలవాటు పడేదాకా సాయంత్రానికి వాపు రావడం మామూలే. కూర్చున్నప్పుడు కాలు స్టూలు మీద పెట్టుకోండి. తెల్లారేసరికి వాపు తీసేస్తే కంగారు అక్కర్లేదు. కానీ రెండు కాళ్ళూ వాచినా, పిక్క గట్టిపడి నొప్పిగా ఉన్నా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చినా, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరిగినా ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. అది ఒంట్లో నీరు చేరుతున్న గుర్తు కావచ్చు, కాల్లో రక్తం గడ్డకట్టిన గుర్తు కావచ్చు.

మీరు రాయలేదు గానీ నేను అడగాల్సింది ఒకటుంది. దగ్గినప్పుడో పక్కమీద దొర్లినప్పుడో రొమ్ము ఎముక దగ్గర టక్కుమని చప్పుడు గానీ, రెండు ముక్కలు రాసుకున్నట్టు గానీ అనిపిస్తోందా? ఆపరేషన్లో ఆ ఎముకను నిలువునా కోసి, మళ్ళీ స్టీలు తీగలతో బిగిస్తారు. అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, గట్టిపడడానికి సుమారు మూడు నెలలు పడుతుంది. షుగర్ ఉన్నవాళ్ళకి ఇంకాస్త ఆలస్యం కావచ్చు. చప్పుడుంటే నడక తప్ప ఇంకేదీ మొదలుపెట్టకుండా ముందు సర్జన్‌కి చూపించండి.

ఇక దడ. జబ్బా భయమా అని అడిగారు. రెండూ కాని మూడో కారణం కూడా ఉంది, నేను ఎక్కువగా చూసేది అదే. మూడున్నర నెలలు కదలకుండా ఉంటే తొడల్లో, పిక్కల్లో కండ తగ్గిపోతుంది. ఆపరేషన్లో పోయిన రక్తం వల్ల హిమోగ్లోబిన్ కొన్నాళ్ళపాటు తక్కువగా ఉంటుంది. అలాంటప్పుడు అదే పనికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. మెట్లంటే ఒంటి బరువంతా ఒక్కో కాలి మీద పైకి లాగడం. చదునైన నేల మీద మామూలు నడకతో పోలిస్తే అది రెండింతలకు పైగా శ్రమ. కాబట్టి దడ రావడంలో ఆశ్చర్యం లేదు. కానీ ఇది నా ఊహ మీదో మీ ధైర్యం మీదో వదిలేసే విషయం కాదు. దడ వచ్చినప్పుడు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చూడండి. వేగంగా ఉన్నా ఒకే తాళంలో కొట్టుకుంటోందా, లేక తప్పటడుగులు వేస్తోందా? తాళం తప్పుతుంటే వెంటనే ఈసీజీ తీయించాలి. బైపాస్ తర్వాత అలా లయ తప్పడం అరుదేమీ కాదు, దానికి మందులున్నాయి.

ఈ వారంలోనే అబ్బాయిని వెంటబెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. ఈసీజీ, ఎకో, హిమోగ్లోబిన్ చూస్తారు. ఎకోలో, అంటే గుండె స్కానింగ్‌లో, పంపింగ్ (గుండె రక్తాన్ని ఎంత బలంగా తోస్తోందో) ఎంతుందో అడిగి రాసుకోండి. ఆ తర్వాత టీఎమ్‌టీ చేయొచ్చా అని అడగండి. ఈ పరీక్ష గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో గొడవ తీర్చగలిగేది ఇదొక్కటే. ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తారు. ఎక్కువ ఆస్పత్రుల్లో వాడే పద్ధతిలో మూడు నిమిషాలకోసారి వేగమూ పెంచుతారు, ఏటవాలూ పెంచుతారు. మొదటి మూడు నిమిషాలు గంటకు 2.7 కిలోమీటర్ల వేగం, నూటికి పది వంతుల ఎత్తు. తర్వాతి మూడు నిమిషాలు గంటకు నాలుగు కిలోమీటర్లు, నూటికి పన్నెండు వంతుల ఎత్తు. ఒక రకంగా అదీ కొండే. తేడా ఏమిటంటే ఒంటికి ఈసీజీ తీగలుంటాయి, బీపీ చూస్తూ పక్కన డాక్టరుంటారు, ఏ క్షణమైనా ఆపేయొచ్చు. ఆ కొండ మీద మీ గుండె ఎలా నడిచిందో మీ అబ్బాయి కాగితం మీద చూస్తాడు. అప్పుడు ‘ఎక్కుతాను’, ‘ఎక్కనివ్వను’ అన్న వాదన పక్కకి పోయి, ఎంతవరకు ఎక్కొచ్చన్న మాట మొదలవుతుంది.

డాక్టరుగారిని ‘వ్యాయామం చేయొచ్చా’ అని మాత్రం అడక్కండి. ఎవరైనా ‘నెమ్మదిగా చేసుకోండి’ అనే అంటారు. ‘మంగళగిరి కొండకు దాదాపు 600 మెట్లున్నాయి, సంక్రాంతి తర్వాత పొద్దున పూట ఆగుతూ ఆగుతూ ఎక్కొచ్చా’ అని అడగండి. ప్రశ్న ఎంత వివరంగా ఉంటే జవాబూ అంత వివరంగా వస్తుంది.

ఇప్పుడు మా నాన్న సంగతి. ఆపరేషన్ తర్వాత ఆయన్ని విజయవాడలో మా ఇంటికి తెచ్చుకున్నాను. రెండు నెలలు దాటాక ఒక తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీదికి నడకకు తీసుకెళ్ళాను. బ్యారేజీ పొడవు 1,223 మీటర్లు. సగం కూడా వద్దు, పావు దూరం వెళ్ళి వెనక్కి వద్దామని ముందే అనుకున్నాం. కృష్ణ మీద గాలి చల్లగా ఉంది, ఆయన ప్రాణం లేచొచ్చినట్టు హుషారుగా నడిచారు. పావు దాటింది, సగం దాటింది. ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అంటూ సీతానగరం వైపు చివరిదాకా వెళ్ళిపోయారు. నేనూ సంతోషంలో ఆపలేదు. వెనక్కి తిరిగిన కాసేపటికి ఆయన పిట్టగోడ మీద చెయ్యి వేసి నది వైపు తిరిగి నిలబడ్డారు. ‘నీళ్ళు చూడు, ఎంత బాగున్నాయో’ అన్నారు. నేనూ చూశాను. మళ్ళీ పది అడుగులు వేసి మళ్ళీ నీళ్ళు చూశారు. మూడోసారి ఆగినప్పుడు ఆయన చేతిని చూశాను. వేళ్ళు గోడను పట్టుకున్న చోట గోళ్ళు తెల్లబడి ఉన్నాయి. మెడ దగ్గర చొక్కా చెమటకు అతుక్కుపోయింది. నీళ్ళు చూడడం లేదాయన. ఊపిరి కోసం ఆగుతూ, ఆ సంగతి కూతురికి తెలియకుండా దాస్తున్నారు.

ఆటో ఎక్కించి ఇంటికి తెచ్చాను. పరీక్షలు చేయిస్తే ఏ ప్రమాదమూ లేదు, తాహతుకు మించి నడిచారంతే. కానీ నాకు అంత చదువూ ఆ కాసేపట్లో ఎగిరిపోయింది. నెలరోజులపాటు ఆయన్ని గడప దాటనివ్వలేదు. ఆ నెలలో ఆయన కాళ్ళు సన్నబడ్డాయి, అన్నం తగ్గింది, పలకరిస్తే తప్ప మాట లేదు. నా చేతుల్లో నడిచిన పేషెంట్లందరికీ చెప్పే మాట మా నాన్నకు చెప్పలేకపోయానని తర్వాత చాలా బాధపడ్డాను. మీ ఆవిడా అబ్బాయీ చేస్తున్నది ప్రేమతోనే. కాని కూర్చోబెడితే గుండె గట్టిపడదు బాబాయిగారూ. డాక్టర్ల సలహాతో క్రమంగా వ్యాయామం చేసినవాళ్ళు మళ్ళీ ఆస్పత్రిలో చేరాల్సి రావడం తక్కువని పెద్ద పెద్ద అధ్యయనాల్లోనే తేలింది. ఈ ముక్క ఇంట్లో చదివి వినిపించండి.

తర్వాత మళ్ళీ బ్యారేజీకే వెళ్ళాం. ఈసారి లెక్క దీపస్తంభాలతో. మొదటి రోజు నాలుగు స్తంభాలు, వెనక్కి. ఒంట్లో బాగుంటే రెండు రోజులకోసారి ఒక్కో స్తంభం పెంచడం. ఎంత హుషారుగా ఉన్నా ఆ రోజు స్తంభం దగ్గర తిరిగిపోవాల్సిందే. నాన్నకు మొదట్లో చిన్నతనంగా ఉండేది. ‘ఇంకా ఓపికుందమ్మా’ అనేవారు. ఆ ఓపిక వెనక్కి రావడానికి అని చెప్పేదాన్ని. నడకలోనైనా కొండ మీదైనా గుండె జబ్బు మనిషి నేర్చుకోవాల్సింది నాకు తెలిసి ఇదొక్కటే. ఓపిక ఉండగానే తిరిగి రావడం. ఆయాసం వచ్చాక తిరిగితే, సగం దారి ఆయాసంతోనే నడవాలి.

మీకు బ్యారేజీ అక్కర్లేదు, మీ స్టేడియం ఉంది. చదునుగా ఉంటుంది, నలుగురూ తిరుగుతుంటారు, ఎక్కడ అలసిపోయినా కూర్చోవచ్చు. డాక్టరుగారు సరేనన్నాక పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు మొదలుపెట్టండి. వారానికి మూడు నాలుగు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే నెలన్నరలో ఏకబిగిన అరగంటకు వస్తారు. మొదటి ఐదు నిమిషాలు, ఆఖరి ఐదు నిమిషాలు బాగా నెమ్మదిగా నడవాలి. గబుక్కున ఆగి కూర్చుంటే కాళ్ళలో ఉన్న రక్తం అక్కడే నిలిచి, బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి.

ఎంత వేగంగా నడవాలి? చేతి వాచీలో పల్స్ చూసుకుని టెన్షన్ పడేవాళ్ళు ఈమధ్య చాలామంది వస్తున్నారు. పల్స్ ఎంతవరకు పెరగొచ్చో 220లోంచి వయసు తీసేసి లెక్కగట్టే పద్ధతి మీకు పనికిరాదు. బైపాస్ అయినవాళ్ళకి సాధారణంగా మెటోప్రొలాల్ లాంటి మాత్ర ఇస్తారు, అది గుండె వేగాన్ని పెరగనివ్వదు. అందుకని నోటినే కొలతగా పెట్టుకోండి. నడుస్తూ మీ ఇంటి అడ్రసు, డోర్ నంబరు నుంచి పిన్‌కోడ్ దాకా, మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే వేగం సరిపోయింది. వీధి పేరు దగ్గరే ఊపిరి తెగుతుంటే తగ్గించండి. పక్కన పిన్నిగారు ఉంటే ఈ పరీక్ష మాటల్లోనే జరిగిపోతుంది. ఆవిణ్ణి కూడా రోజూ తీసుకెళ్ళండి. గేటు దగ్గర నిలబడి భయపడే మనిషి, పక్కన నడిస్తే మీరెంత నడవగలరో కళ్ళారా చూస్తుంది. భయం అలాగే తగ్గుతుంది.

అరగంట నడక హాయిగా సాగుతున్నాక మెట్లు. ముందు మీ మేడ మెట్లే. మామూలుగా ఒక అంతస్తుకు ఇరవై మెట్ల దాకా ఉంటాయి. అంటే మంగళగిరి కొండ సుమారు ముప్ఫై అంతస్తులు. ఈ లెక్క రాసింది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ఎంత సమయం ఇవ్వాలో తెలియడానికి. మొదటి వారం ఒక అంతస్తు ఎక్కి దిగండి, రోజుకు రెండుసార్లు. పాదం మొత్తం మెట్టు మీద ఆనించి, పైకి లేచేటప్పుడు ఊపిరి వదలండి. ఊపిరి బిగబట్టి ఎక్కితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. కమ్మీ పట్టుకోండి గానీ దాన్ని పట్టుకుని ఒంటిని పైకి లాక్కోవద్దు, ఆ బరువంతా ఛాతీ ఎముక మీద పడుతుంది. వారానికి ఒక అంతస్తు పెంచండి. దిగేటప్పుడు గుండెకు శ్రమ తక్కువే గానీ మోకాళ్ళకీ తొడలకీ ఎక్కువ. చాలామంది పడేది దిగేటప్పుడే. రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్ళు పడితే చిన్న దెబ్బకే ఎక్కువ రక్తం పోతుంది, అది గుర్తుంచుకోండి.

నెలన్నర తర్వాత ఒకసారి ఉండవల్లి వెళ్ళి రండి. నాలుగంతస్తుల గుహాలయం, మెట్లు కొద్దిగానే ఉంటాయి, పైన అనంతపద్మనాభుడు పడుకుని ఉంటాడు. చూడదగ్గ చోటు, మీ కాళ్ళకీ పరీక్ష. ఇంకో ఆదివారం అబ్బాయితో కొండవీడు వెళ్ళండి. అక్కడ ఘాట్ రోడ్డు ఉంది కాబట్టి మెట్ల కన్నా వాలు మెల్లగా ఉంటుంది. కారు కాస్త వెనక వస్తుంటే మీరు నడవండి. చాలనిపించిన చోట కారెక్కేయండి. కోట చుట్టూ ఉన్న అడవి దారులు మాత్రం ఈ ఏడాదికి వద్దు. అక్కడ ఒంట్లో బాగాలేకపోతే మిమ్మల్ని కిందికి తేవడానికే గంటలు పడుతుంది.

అప్పుడు మంగళగిరి. అది మీకు తెలిసిన కొండ, పైగా పానకాలస్వామి గుడిదాకా వాహనాలు వెళ్ళే దారి కూడా ఉంది, ఎయిమ్స్ ఆస్పత్రి దగ్గర్లోనే. గుండె ఆపరేషన్ అయిన మనిషి మళ్ళీ ఎక్కడానికి మన చుట్టుపక్కల ఇంతకన్నా అనువైన కొండ నాకు కనబడదు. మొదటి రోజు వంద మెట్లు, వెనక్కి. స్వామి దర్శనం కావాలంటే దిగాక కారులో పైకి వెళ్ళండి. వారం తర్వాత నూట యాభై. మెట్ల పక్కన చైతన్య మహాప్రభు పాదముద్రలున్నాయి కదా, అక్కడ ఆగి దణ్ణం పెట్టుకోండి, ఆ వంకన ఊపిరి కుదుటపడుతుంది. అలసట రాకముందే ఇరవై మెట్లకోసారి అర నిమిషం ఆగడం అలవాటు చేసుకోండి. పూర్తిగా ఎక్కగలిగిన రోజున కూడా అబ్బాయిని కారుతో పైన ఉండమనండి, దిగడం కారులోనే. మెట్ల మీంచి దిగి రావడం ఇంకో నెల తర్వాత. మాఘం వెళ్ళేలోపు ఎంతవరకు వస్తే అంతవరకే, తొందరపడొద్దు. శివరాత్రి తిరునాళ్ళ జనంలో కోటప్పకొండ మెట్లు ఎక్కొద్దు. ఆ తోపులాటలో మీ ఇష్టప్రకారం ఆగలేరు, తిరిగి రాలేరు. వేసవి మొదలయ్యాక కొండలు బంద్. మన విజయవాడ, గుంటూరు ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? ఒంట్లో నీరు తగ్గి, మాత్రల వల్ల బీపీ ఇంకా తగ్గి, మనిషి అక్కడికక్కడే కూలబడతాడు. ఎండాకాలమంతా తెల్లవారుజామున స్టేడియం చాలు.

ఇంకో సంగతి, ఇది మీరు తేలిగ్గా తీసుకోకూడదు. కార్తీక సోమవారం ఉపవాసం ఉండి కొండెక్కేవాణ్ణని రాశారు. షుగర్ మాత్రలు వేసుకుని, ఏమీ తినకుండా మెట్లెక్కితే షుగర్ పడిపోవచ్చు. మామూలుగా అయితే చేతులు వణకడం, దడ లాంటివి ముందే హెచ్చరిస్తాయి. ఇందాక చెప్పిన మెటోప్రొలాల్ లాంటి గుండె మాత్ర ఆ వణుకునూ దడనూ కప్పేస్తుంది, చెమటలొక్కటే మిగులుతాయి. మెట్లెక్కుతున్నాం కాబట్టి చెమట పట్టిందిలే అనుకుంటారు, అంతలో కళ్ళు చీకట్లు కమ్ముతాయి. కాబట్టి ఉపవాసం రోజున కొండ లేదు, కొండ రోజున ఉపవాసం లేదు. ఏదైనా తేలిగ్గా తిని, గంటా గంటన్నర ఆగి బయల్దేరండి. జేబులో గ్లూకోజ్ పొట్లం ఉండాలి. పైన ఇచ్చే పానకం మాత్రం తీర్థంలా చేతిలో పోయించుకుని చాలించండి. షుగర్ ఉంది కాబట్టి వట్టి కాళ్ళతో కూడా ఎక్కొద్దు, అరికాలు కాలినా గుచ్చుకున్నా మీకు వెంటనే తెలియకపోవచ్చు. చెప్పులు గుడి దగ్గర విడవండి, స్వామి ఏమీ అనుకోడు.

నీళ్ళ సీసా అబ్బాయి సంచిలో పెట్టండి, మీ భుజానికి బరువు వద్దు. పంపింగ్ తక్కువున్నవాళ్ళకి నీళ్ళు ఎంత తాగాలో డాక్టర్లు లెక్క చెబుతారు, మీకు అలా చెప్పారేమో చూసుకోండి. వేసుకునే మాత్రల పేర్లు, ఇంటి ఫోన్ నంబరు రాసిన కాగితం చొక్కా జేబులో ఉంచుకోండి.

ఆగిపోవాల్సిన గుర్తులు చెబుతాను, వీటిని మీ స్నేహితులకి కూడా చదివి వినిపించాలి. కుట్ల దగ్గర నొప్పి వేలితో నొక్కితే తెలుస్తుంది, దగ్గితే, పక్కకి తిరిగితే మారుతుంది. గుండె నొప్పి అలా ఉండదు. శ్రమ పడుతున్నప్పుడు ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, అది దవడకో భుజానికో చేతికో పాకడం, ఆగితే తగ్గడం. షుగర్ ఉన్నవాళ్ళకి ఒక్కోసారి నొప్పే తెలియదు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమట, వికారం, కళ్ళు తిరగడం, ఇవే వస్తాయి. ఏది వచ్చినా అక్కడే కూర్చోవాలి. ఇంకో నాలుగు మెట్లు ఎక్కితే మండపం వస్తుంది, అక్కడ కూర్చుందాం అనుకోవద్దు. డాక్టరు నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇచ్చి ఉంటే, కూర్చున్నాకే పెట్టుకోండి, నిలబడి పెట్టుకుంటే బీపీ తగ్గి పడిపోతారు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. తగ్గినా సరే ఆ రోజుకి కొండ అయిపోయినట్టే, దిగి డాక్టరుకు చూపించాలి.

స్నేహితుల గురించి ఒక మాట. వాళ్ళు ‘రిపేరు’ అంటున్నారు, మీరూ నవ్వుతూ ఉండొచ్చు. బైపాస్ రక్తానికి కొత్త దారి వేస్తుంది గానీ, పాత దారి మూసుకుపోవడానికి కారణమైన షుగర్, కొలెస్ట్రాల్ అలాగే ఉంటాయి. కొత్త దారి కూడా మూసుకుపోకుండా చూసేవి మీ మాత్రలూ మీ నడకే. ఒంట్లో హుషారొచ్చిందని ఒక్క మాత్ర కూడా సొంతంగా ఆపొద్దు. స్నేహితుల్లో నెమ్మదస్తుడు ఒకాయన ఉంటాడు, ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకోండి. మీరు తిరిగిపోదామంటే ఆయన మారుమాట లేకుండా మీతో దిగాలి. నలుగురిలో ఉన్నప్పుడు ‘నావల్ల కావట్లేదు’ అనడం మగవాళ్ళకి ఎంత కష్టమో బ్యారేజీ మీద చూశాను. మీరు మాత్రం నీళ్ళు చూస్తున్నట్టు నిలబడకండి. ఆయాసంగా ఉంటే ఆయాసంగా ఉందనే చెప్పండి.

రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, ఊరికే కళ్ళనీళ్ళు వస్తున్నా అది కూడా డాక్టరుగారితో అనండి. గుండె ఆపరేషన్ అయినవాళ్ళలో మనసు కుంగడం ఎక్కువగానే చూస్తాం. వరండా గురించి మీరు రాసిన తీరు చూసి అడుగుతున్నాను.

కవాటం మార్పించుకున్నవాళ్ళు, స్టెంట్లు వేయించుకున్నవాళ్ళు కూడా ఇలాంటి ప్రశ్నలే రాస్తున్నారు. వాళ్ళ గడువులూ మందులూ వేరు, ఇక్కడ రాసిన వారాల లెక్క వాళ్ళు యథాతథంగా తీసుకోవద్దు.

మా నాన్న ఆ తర్వాతి మాఘంలో మంగళగిరి మెట్లెక్కారు. మొదటిసారి 112వ మెట్టు దగ్గర ఆగి, ‘ఇవాళ్టికి చాలమ్మా’ అని తనంతట తాను వెనక్కి తిరిగారు. ఆ రోజు నుంచే ఆయన నడకకు ఒంటరిగా వెళ్తానన్నా నేను అడ్డు చెప్పలేదు. సంక్రాంతి తర్వాత మీరు వెళ్ళినప్పుడు, ఎన్నో మెట్టు దగ్గర తిరిగారో లెక్కపెట్టి నాకు రాయండి.